నెలల తరబడి సాగే కాలినడకకు సిద్ధమవడం: భిన్న దృక్పథాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్, పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్, కాంటినెంటల్ డివైడ్ ట్రెయిల్ వంటి సుదీర్ఘ కాలిబాటలను మొదటి నుంచి చివరి వరకు నడవాలనుకునేవారికి సన్నాహాలు మొదలుపెట్టగానే ఒకదానితో ఒకటి పొసగని సలహాలు ఎదురవుతాయి. ఆ సలహాల వెనుక ఉన్న ఆలోచనా ధోరణులు ఏమిటి, వాటిలో ఏది ఎవరికి పనికొస్తుంది అన్న విషయంలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఒకే దారిలో నడవబోయేవారు ఇంత విరుద్ధమైన సలహాలు ఎందుకు ఇస్తారు?

పుర్రెకో బుద్ధి అని సరిపెట్టుకోవచ్చు గానీ, అసలు కారణం వేరే ఉంది. రెండు రోజుల ట్రెక్‌లో చేసిన పొరపాటు ఒక రాత్రి నిద్ర చెడగొట్టి ఊరుకుంటుంది. అపలాచియన్ ట్రెయిల్ అలాంటిది కాదు. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఆ దారిని పూర్తి చేయడానికి చాలామందికి ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది, అక్కడ చిన్న పొరపాటు కూడా ప్రతిరోజూ వెంట వస్తుంది. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ సుమారు 4,260 కిలోమీటర్లు, కాంటినెంటల్ డివైడ్ ట్రెయిల్ దాదాపు 5,000 కిలోమీటర్లు ఉంటాయి. ఇంత దూరంలో కష్టం లేకుండా చేసుకోవడం ఎవరి వల్లా కాదు, దాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చుకోగలం, అంతే. కొందరు దాన్ని బరువు రూపంలో వీపు మీద మోస్తారు, కొందరు నెలల ముందే ఇంట్లో కూర్చొని ప్రణాళిక రూపంలో పడతారు, ఇంకొందరు దారిలో చలిగానో ఆకలిగానో అనిశ్చితిగానో భరించడానికి ఒప్పుకుంటారు. కష్టాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్న ఎంపికలోనే తేడా ఉంది, కింద కనిపించే వాదాలన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

‘బేస్ వెయిట్’ అంటే ఏమిటి? దానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

తిండి, నీళ్ళు, ఇంధనం మినహాయించి సంచిలో ఉన్న సామానంతటి బరువును, సంచి బరువుతో సహా, బేస్ వెయిట్ అంటారు. ఒంటి మీది బట్టలు, చేతికర్రలు ఇందులోకి రావు. తిండీ నీళ్ళూ రోజురోజుకూ మారిపోతుంటాయి కాబట్టి, ఇద్దరి సంచులను పోల్చడానికి మారని భాగాన్ని కొలవడం సబబు. వాడుకలో ఉన్న కొలత ప్రకారం ఇది 9 కిలోలకు లోపు ఉంటే తేలిక సంచి, 4.5 కిలోలకు లోపు ఉంటే అతి తేలిక సంచి, అంటే అల్ట్రాలైట్. ఈ అంకెల వెనుక శాస్త్రమేమీ లేదు, అవి 20 పౌండ్లు, 10 పౌండ్లు అనే రౌండు అంకెలకు కిలోలలో వచ్చిన రూపాలు మాత్రమే. ఆ గీత దాటకూడదని కొందరు ఫోనునూ కత్తినీ సంచిలోంచి తీసి జేబులో వేసుకొని లెక్క సరిచేసుకోవడం చూస్తుంటాం, మోకాళ్ళకు మాత్రం ఆ తేడా తెలియదు.

అల్ట్రాలైట్ పద్ధతి ప్రమాదకరమా?

పద్ధతిలో ప్రమాదం లేదు, నైపుణ్యం లేకుండా దాన్ని అనుకరించడంలో ఉంది. ఈ ధోరణికి గట్టి రూపం ఇచ్చినవారిలో రే జార్డిన్ ముఖ్యుడు. కొండరాళ్ళు ఎక్కేవారు వాడే ‘ఫ్రెండ్స్’ అనే పరికరాన్ని కనిపెట్టిన ఈ ఇంజనీరు, భార్యతో కలిసి సుదీర్ఘ బాటలు నడిచి, బరువైన గుడారానికి బదులు టార్పు (పైకప్పులా కట్టే పలుచని గుడ్డ), స్లీపింగ్ బ్యాగుకు బదులు క్విల్టు (పైన కప్పుకునే దుప్పటి లాంటిది), తోలు బూట్లకు బదులు పరుగు బూట్లు చాలునని 1990లలో వాదించాడు. సామానులో చాలా భాగం సొంతంగా కుట్టుకున్నాడు కూడా.

అయితే టార్పు గుడారమంత పని చేయాలంటే దాన్ని వేసేవాడికి కొంత విద్య తెలిసి ఉండాలి. గాలి ఏ వైపు నుంచి తిరుగుతుందో, వానపడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, చల్లగాలి లోయ అడుగుకు ఎలా దిగుతుందో చూసి చోటు ఎంచుకోవాలి, గాలిని బట్టి ఎత్తు తగ్గించి కట్టాలి. నాలుగు వైపులా మూసుకున్న గుడారం ఇలాంటి తప్పులను చాలావరకు క్షమిస్తుంది, టార్పు క్షమించదు. ఈకలు నింపిన క్విల్టు సంగతీ ఇంతే. పొడిగా ఉన్నంతసేపు బరువుకు తగిన వెచ్చదనం ఇవ్వడంలో దానికి సాటి లేదు, కానీ తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం దాదాపుగా పోతుంది, కృత్రిమ పీచు నింపినది తడిసినా కొంత కాపాడుతుంది. తగ్గించిన ప్రతి వందగ్రాముల స్థానంలో ఏదో ఒక విద్య వచ్చి చేరాలి. అది లేకుండా సామాను మాత్రమే తగ్గించుకోవడం నేల విడిచి సాము చేయడమే.

ఈ సందర్భంలో అందరూ ఎమ్మా గేట్‌వుడ్‌ను ఉదహరిస్తారు. 1955లో, 67 ఏళ్ళ వయసులో, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకొని, కాన్వాసు బూట్లతో, గుడారం లేకుండా, వానకు అడ్డంగా స్నానాలగది కర్టెను పట్టుకొని ఆమె అపలాచియన్ ట్రెయిల్ మొత్తం నడిచింది. ఆమెను చూపించి ఏ సామానూ అక్కర్లేదని వాదించేవారు, అంతకు ముందు ఏడాది ఆమె ఉత్తర కొస నుంచి మొదలుపెట్టి, దారితప్పి, కళ్ళజోడు పగిలి, నడక ఆపేసి తిరిగి వెళ్ళిన సంగతి సాధారణంగా చెప్పరు. రెండోసారి దక్షిణ కొస నుంచి బయలుదేరేనాటికి ఆమె అనుభవం పెరిగింది.

అయితే బరువైన సంచి మోసేవారు తప్పు చేస్తున్నట్టేనా?

కాదు. రోజును నడకగా చూసేవారికీ, బసగా చూసేవారికీ ఒకే సంచి సరిపోదు. వేకువన లేచి చీకటి పడేదాకా నడిచి, గుడారంలోకి దూరగానే నిద్రపోయే వ్యక్తికి కుర్చీ, దిండు, పెద్ద వంటపాత్ర దండగ. రోజుకు పదిహేను కిలోమీటర్లు నడిచి, మధ్యాహ్నానికే ఏటి ఒడ్డున ఆగి, పక్షులను చూస్తూనో బొమ్మలు గీస్తూనో గడిపే వ్యక్తికి ఆ గంటల్లో సౌఖ్యమే యాత్ర. వెన్నునొప్పి ఉన్నవారు మందమైన పరుపు మోయడాన్ని విలాసమని అనడం కూడా తొందరపాటే, ఎందుకంటే రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాటి నడక మీద ఆ ప్రభావం అరకిలో బరువు కంటే ఎక్కువగా ఉంటుంది. తేలిక సంచివారు ఎగతాళి చేసినా పట్టించుకోనక్కర్లేదు.

కాకపోతే ఒక తేడా గమనించాలి. ఇష్టపడి మోసే బరువు వేరు, భయపడి మోసే బరువు వేరు. ఆకలికి భయపడేవారి సంచిలో రెండు రోజుల తిండి ఎక్కువగా ఉంటుంది, చలికి భయపడేవారి సంచిలో మూడో స్వెట్టరు ఉంటుంది. ఇష్టపడి తెచ్చుకున్న కుర్చీని ఆరు నెలలు ఆనందంగా మోస్తారు, భయపడి తెచ్చుకున్న స్వెట్టరును మూడో వారంలో పోస్టులో ఇంటికి పంపిస్తారు.

టూత్‌బ్రష్ పిడి కోసుకోవాలా?

కోసుకుంటే పది గ్రాములు కూడా మిగలవు. తర్వాతి నీటి ఊట ఎంత దూరంలో ఉందో చూసుకోకుండా అనవసరంగా మోసే అరలీటరు నీళ్ళు 500 గ్రాములు. సంచి, గుడారం, పడక ఈ మూడే బేస్ వెయిట్‌లో పెద్ద వాటా, ముందు వాటి సంగతి చూడండి.

బూట్లా, ట్రెయిల్ రన్నర్లా (కాలిబాటల మీద పరుగుకు చేసిన తేలిక బూట్లా)?

పాదానికి తగిలించిన బరువును ప్రతి అడుగుకూ ఎత్తి దించాలి కాబట్టి, అదే బరువు వీపు మీద ఉన్నప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ శక్తి తీసుకుంటుంది. ఈ కారణం చేతనే సుదీర్ఘ బాటలపై చాలామంది తేలికైన ట్రెయిల్ రన్నర్లకు మారిపోయారు. అవి త్వరగా తడుస్తాయి, అంతే త్వరగా ఆరతాయి. జలనిరోధక బూట్లలోకి పైనుంచి ఒకసారి నీళ్ళు దిగితే రోజుల తరబడి లోపలే ఉంటాయి. తేలిక బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లలో అరిగిపోతాయి కాబట్టి మొత్తం దారికి నాలుగైదు జతలైనా కావాలి. మంచు, పదునైన రాళ్ళు, బరువైన సంచి ఉన్నప్పుడు గట్టి బూట్లకు ఇప్పటికీ స్థానం ఉంది. అన్ని జతలూ ముందే కొనిపెట్టుకోవద్దు, ఎందుకంటే వారాల నడక తర్వాత పాదాలు ఉబ్బి వెడల్పవుతాయి, చాలామందికి అర సైజో ఒక సైజో పెరుగుతుంది.

ముందుగానే శరీరాన్ని సిద్ధం చేసుకోవాలా, దారే సిద్ధం చేస్తుందా?

‘మొదటి నెల నడకే శిక్షణ’ అనేవారి మాటలో సగం నిజం ఉంది. రోజంతా బరువుతో ఎక్కి దిగడానికి సమానమైన వ్యాయామం ఇంటి దగ్గర దొరకదు, ఉద్యోగం చేసుకుంటూ అంత సమయం పెట్టడమూ సాధ్యం కాదు. మిగతా సగం మాత్రం చాలామంది యాత్రలను మధ్యలో ఆపేస్తోంది. గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి, స్నాయువులకూ ఎముకలకూ అంతకంటే ఎక్కువ కాలం కావాలి. అందువల్ల మూడో వారానికి ఊపిరి బాగుంది, కాళ్ళు బలంగా ఉన్నాయి అనిపించి దూరం ఒక్కసారిగా పెంచినవారికి పిక్కల ముందు ఎముక నొప్పి, మడమ వెనుక స్నాయువు వాపు, పాదం ఎముకల్లో సన్నని పగుళ్ళు వస్తాయి. శిక్షణ చేయకుండా బయలుదేరే వ్యక్తి మొదటి రెండు మూడు వారాలు రోజుకు 12 నుంచి 16 కిలోమీటర్లకు మించకుండా నడవగలిగితే ఆ పద్ధతి కూడా పనిచేస్తుంది. తోటివారు దాటిపోతుంటే నిగ్రహించుకోలేని స్వభావం మీదైతే, ఇంటి దగ్గరే మూడు నెలల ముందు సంచి వేసుకొని మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టండి. దిగడాన్ని మరవకండి, తొడ ముందు కండరాలను బాగా నొప్పెట్టేది దిగుడే.

తిండి పెట్టెలు ముందే పంపించుకోవాలా, దారిలో కొనుక్కోవాలా?

ప్రణాళికావాదులకూ స్వేచ్ఛావాదులకూ మధ్య అసలైన వాదం జరిగేది ఇక్కడ. మొదటివారు ఐదు నెలల తిండినీ కొలిచి పొట్లాలు కట్టి, దారి పక్కన ఉండే పోస్టాఫీసులకు తేదీలవారీగా పంపించే ఏర్పాటు చేస్తారు. రెండోవారు మూడు నుంచి ఆరు రోజులకు సరిపడా కొనుక్కుంటూ వెళ్తారు. పెట్టెల పద్ధతిలో ఎవరూ ముందుగా ఊహించని చిక్కు రుచి దగ్గర వస్తుంది. ఇంట్లో నచ్చిన ఓట్సు జావను నలభయ్యో రోజున చూస్తేనే కడుపు తిప్పుతుంది, కానీ ఇంకా నూరు పొట్లాలు మిగిలి ఉంటాయి. పైగా పోస్టాఫీసు సెలవు రోజున చేరుకుంటే తిండి కోసం రోజంతా ఆగాలి, తేదీలు యాత్రికుడి నడకను శాసిస్తాయి.

అయినా పెట్టెలు అవసరమైనవారు ఉన్నారు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివారు, కఠినమైన ఆహార నియమాలున్నవారు, నిత్యం మందులు వాడేవారు చిన్న దుకాణాల మీద ఆధారపడలేరు. దుకాణమే లేని కొన్ని చోట్లకు ఎవరైనా పెట్టె పంపించుకోక తప్పదు. ఇంటి దగ్గర నమ్మకమైన మనిషి ఉంటే ఖాళీ పెట్టెలు, కొంత సామాను అక్కడ ఉంచి, దారిలోంచి అడిగి తెప్పించుకోవడం మా దృష్టిలో అన్నిటికంటే మేలైన మధ్యేమార్గం.

స్టవ్వు లేకుండా నడవడం సాధ్యమేనా?

సాధ్యమే. మూత ఉన్న డబ్బాలో నూడుల్సో పప్పుపొడో చన్నీళ్ళలో నానబెట్టి తినేవారు చాలామంది ఉన్నారు. బరువూ సమయమూ కలిసొస్తాయి, ఇంధనం వెతుక్కునే పని ఉండదు. చల్లని వానలో తడిసిన సాయంత్రం వేడి గిన్నె ఇచ్చే ఊరట మాత్రం ఉండదు, ఆ ఊరట విలువ ఎంతో ఎవరికి వారే తేల్చుకోవాలి. వండినా నానబెట్టినా, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయన్న లెక్క మారదు కాబట్టి గింజలు, నూనె, వేరుసెనగ ముద్ద అందరి సంచుల్లోనూ కనిపిస్తాయి.

ప్రతి అడుగూ గుర్తువేసిన బాట మీదే నడవాలా?

అపలాచియన్ ట్రెయిల్ పొడవునా చెట్ల మీద తెల్లని నిలువు గుర్తులుంటాయి. వాటిలో ఒక్కటి కూడా వదలకూడదనేవారిని శుద్ధవాదులు అంటారు. రాత్రి బసకు ఒక పక్కదారిన వెళ్ళి, పొద్దున ఇంకో పక్కదారిన బాట మీదికి వస్తే మధ్యలో తప్పిపోయిన నూరడుగుల కోసం వెనక్కి నడిచేవారు వీరిలో ఉన్నారు. చాదస్తంగా కనిపించవచ్చు, కానీ దాని వెనుక ఒక తర్కం ఉంది: ఒకసారి మినహాయింపు ఇచ్చుకుంటే రెండోసారి ఇచ్చుకోవడం తేలిక, ఐదు నెలల దారిలో అలాంటి అవకాశాలు వందలు వస్తాయి. మరోవైపు, నీలిగుర్తుల పక్కదారుల్లో జలపాతాలూ శిఖరాలూ ఉంటే వాటిని వదిలి గుర్తుల వెంట నడవడం అర్థం లేని పని అనేవారు ఉన్నారు.

ఆ బాటను చూసుకునే అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ వైఖరి శుద్ధవాదుల కంటే ఉదారంగా ఉంటుంది. మొత్తం బాట నడిచినట్టు నమోదు చేసుకునేవారి మాటనే అది నమ్ముతుంది, ఏ దిశలో, ఏ వరుసలో, ఎంత వేగంగా నడిచారు, సంచి మోశారా లేదా అన్నవి అడగదు. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద కార్చిచ్చుల వల్ల ఏటా కొన్ని భాగాలు మూసివేస్తుంటారు కాబట్టి, అక్కడ అఖండమైన అడుగుజాడ కావాలని పట్టుబట్టడం చాలాసార్లు నిప్పుతో పంతానికి దిగడం అవుతుంది. ‘ఎవరి నడక వారిది’ అన్న మాట అన్ని బాటల మీదా వినిపిస్తుంది. అయితే ఎదుటివారి తప్పు ఎత్తిచూపడానికి ముందుమాటగా దాన్ని వాడేవారే ఎక్కువ.

ఉత్తరానికా, దక్షిణానికా? ఎప్పుడు బయలుదేరాలి?

ఇందులో అభిరుచి కంటే వాతావరణానిదే పైచేయి. అపలాచియన్ ట్రెయిల్‌ను దక్షిణం నుంచి మొదలుపెట్టేవారు మార్చి, ఏప్రిల్ నెలల్లో బయలుదేరి, కటాడిన్ ఉన్న బాక్స్‌టర్ స్టేట్ పార్కులో రాత్రి బసలు ముగిసే అక్టోబర్ 15కు ముందే చేరుకోవాలని చూస్తారు. పసిఫిక్ క్రెస్ట్ మీద ఉత్తరంగా వెళ్ళేవారు ఎడారి ఎండలు ముదరకముందే దాటాలి, కానీ కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో మంచు కరగకముందే అక్కడికి చేరకూడదు. జనసమ్మర్దం నచ్చనివారికి మధ్య నుంచి ఒక కొసకు నడిచి, తిరిగి మధ్యకు వచ్చి రెండో కొసకు నడిచే పద్ధతి ఉంది. బాట మీద ఒత్తిడి తగ్గించే ఈ పద్ధతికి దక్కాల్సినంత ఆదరణ దక్కడం లేదు.

ఫోను, ఉపగ్రహ పరికరం ఉంటే అది నిజమైన ఏకాంతమేనా?

1948లో ఎర్ల్ షాఫర్ అపలాచియన్ ట్రెయిల్‌ను ఒకే యాత్రలో పూర్తి చేసిననాడు ఇవేవీ లేవు కదా అని కొందరంటారు. అది నిజమే. అయితే ఆనాడు ఎవరికైనా కాలు విరిగితే వెతకడానికి వచ్చేవారు ఎన్ని రోజులు వెతకాల్సి వచ్చేదో కూడా ఆలోచించాలి. ఉపగ్రహ సందేశ పరికరం వంద గ్రాములు ఉంటుంది, దాన్ని సంచి అడుగున పెట్టుకొని రోజుకు ఒక్కసారే తీసేవారి ఏకాంతానికి లోటేమీ రాదు. పరికరం తీసుకెళ్ళే దానికంటే ముఖ్యం, సందేశం రాకపోతే ఎన్నాళ్ళు ఆగి ఎవరికి ఫోను చేయాలో ఇంట్లోవారితో ముందే ఖాయం చేసుకోవడం. బ్యాటరీ అయిపోయిన ఒక్క సాయంత్రం ఇల్లంతా ఆందోళనలో మునిగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫోనులో పటాలున్నా కాగితం పటం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

వీటిలో ఏవి అభిప్రాయ భేదానికి తావులేనివి?

కొన్ని ఉన్నాయి, వీటి దగ్గర ‘ఎవరి నడక వారిది’ అన్న వాదన చెల్లదు. మలవిసర్జనకు నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వాలి. సియెర్రా నెవాడాలో ఎలుగుబంటి తెరవలేని డబ్బా తప్పనిసరి చేసిన ప్రాంతాల్లో, అది కిలో బరువు ఉన్నా, తిండి అందులోనే పెట్టాలి. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపేస్తారు, గ్రాములు మిగుల్చుకున్న యాత్రికుడు అప్పటికి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటాడు. అనుమతులు కూడా ఇలాంటివే. పసిఫిక్ క్రెస్ట్ మీద 800 కిలోమీటర్లకు మించి నడిచేవారికి ప్రత్యేక అనుమతి ఉంటుంది, మెక్సికో సరిహద్దు నుంచి ఉత్తరంగా బయలుదేరేవారికి రోజుకు 50 మందికే దాన్ని ఇస్తారు.

నీళ్ళ శుద్ధిలో పద్ధతి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, మానేసే స్వేచ్ఛ లేదు. మరిగించేవారు ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు మరగనివ్వాలి. సాధారణ పీచు ఫిల్టర్లు బ్యాక్టీరియానూ జియార్డియా వంటి పరాన్నజీవులనూ ఆపుతాయి, వైరస్‌లను ఆపలేవు. పైగా ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకడితే లోపల పాడైనా బయటికి తెలియదు, అందుకే చలిరాత్రుల్లో దాన్ని పడకలో పెట్టుకొని పడుకుంటారు. వానకోటు, పొడిగా దాచిన ఒక వెచ్చని పొర, తలదీపం, ప్రథమ చికిత్స సామగ్రి ఎంత తేలిక సంచిలోనైనా ఉండాలి. గడ్డకట్టే చలి లేకపోయినా, గాలివానలో తడిసి అలసిన శరీరం ప్రమాదకరంగా చల్లబడిపోగలదు.

ఇన్ని దృక్పథాల్లో నాది ఏదో ఎలా తేల్చుకోవాలి?

ఇతరుల జాబితాలు చదివి తేల్చుకోలేరు, ఎందుకంటే జాబితాలో వస్తువు ఉంటుంది గానీ దాన్ని పెట్టుకున్న మనిషి రోజుకు ఎంత నడుస్తాడో, ఎంత చలి ఓర్చుకుంటాడో ఉండదు. అసలు యాత్రకు కనీసం రెండు నెలల ముందు, అదే సామానుతో మూడు నాలుగు రాత్రులు బయట గడపండి. అందులో ఒక్కటైనా వాన కురిసే రాత్రి అయితే మంచిది, వాతావరణ సూచనలో వాన ఉందని వాయిదా వేసుకోవద్దు. తిరిగి రాగానే, స్నానానికి ముందే, సంచి నేల మీద బోర్లించి మూడు కుప్పలు చేయండి: రోజూ వాడినవి, ఒకటి రెండు సార్లు వాడినవి, అసలు వాడనివి. మూడో కుప్పలోంచి వానకోటు, మందులపెట్టె, అదనపు దీపం బ్యాటరీ తీసి పక్కన పెట్టుకోండి, అవి వాడకపోవడం మీ అదృష్టం. మిగిలినవాటిలో ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని, అది ఇష్టంతో తెచ్చుకున్నదా భయంతో తెచ్చుకున్నదా అని చూడండి. రెండో కుప్ప గురించి ఆ రోజే నిర్ణయించకండి, ఇంకోసారి బయట పడుకొని వచ్చాక చూడండి.